మందుల డబ్బాలు మార్చుకోండి

తమ్ముడూ,

నిన్న ఫోనులో నీ ఆరోగ్యం అడిగితే "నాకేమక్కా, గుండ్రాయిలా ఉన్నాను" అన్నావు. వెనకనుంచి మరదలు అందుకుంది: "వదినా, ఈయన మొన్న మెట్ల మీద తూలారు. వాచ్‌మన్ చెబితే గానీ నాకు తెలియలేదు." మరి నీ సంగతేమిటమ్మా అంటే "నాకేం లేదు వదినా" అంది. ఈసారి నువ్వు అందుకున్నావు, రాత్రిళ్లు మోకాళ్లు పట్టుకుని కూర్చుంటోందని. ఫోను పెట్టేశాక మీ బావగారూ నేనూ నవ్వుకున్నాం. రెండేళ్ల కిందట మేమూ అంతే. ఎవరి జబ్బు వాళ్లు దాచుకునేవాళ్లం, ఎదుటివాళ్లది ఊరంతా చాటేవాళ్లం.

అప్పుడు మీకు "షుగర్ తగ్గి ఆసుపత్రిలో ఉన్నారు" అని మాత్రమే చెప్పాను. అసలు సంగతి ఇది. పాత మాత్ర దొరకడం లేదంటే డాక్టరు అదే మందు ఇంకో కంపెనీది రాసి, పాతది ఆపేయమన్నారు. మీ బావగారు తల ఊపారు. వినిపించి కాదు, మళ్లీ అడగడం నామోషీ అనిపించి. ఇంట్లో పాత మాత్రలు ఇంకా నాలుగున్నాయి. ఆ రోజు రెండూ వేసుకున్నారు. పేర్లు వేరు, రంగులు వేరు, లోపల ఉన్నది ఒకటే, షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ మందు.

రాత్రి ఒంటిగంటకు మెలకువ వచ్చి చూస్తే బనియను చెమటతో తడిసి ముద్దయింది, మాట తడబడుతోంది. మిషనులో షుగర్ చూస్తే 48. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాను. తెలివిలో ఉండి మింగగలుగుతున్నారు కాబట్టి తాగించాను. స్పృహ తప్పిన మనిషి నోట్లో చుక్క కూడా పోయకూడదు, ఇది మీరిద్దరూ గుర్తుంచుకోండి. పావుగంటకు 76కి వచ్చింది. అక్కడితో పడుకోలేదు కనుక బతికిపోయాం. ఆ మందు ఒంట్లో గంటల తరబడి పనిచేస్తుంది, పైకి వచ్చిన షుగర్ మళ్లీ దిగుతుంది. 108కి ఫోను చేద్దామంటే ఫోను హాల్లో చార్జింగులో ఉంది. నా మోకాళ్లతో పది అడుగులు నడిచేసరికి పది మైళ్లు నడిచినట్టయింది.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే డబ్బాలు మార్చుకున్నాం. ఆయన మందులు నా చేతిలో, నావి ఆయన చేతిలో. ఎవరి మాత్రలు వాళ్లే వేసుకుంటే ఒక పూట మరిచినా, రెండుసార్లు మింగినా అడిగే దిక్కుండదు. ఇప్పుడు తెల్లవారుజామున అయిదున్నరకు ఆయనే నాకు థైరాయిడ్ మాత్రా నీళ్లూ ఇస్తారు. కాల్షియం మాత్రకూ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలని డాక్టరు చెబితే, దాన్ని మధ్యాహ్నం భోజనానికి మార్చింది కూడా ఆయనే. యాభై ఏళ్లుగా నా చేతి కాఫీ అందుకున్న మనిషి, ఇప్పుడు గడియారం చూసి నన్ను కాఫీకి ఆపుతున్నారు! మొదట్లో ఒళ్లు మండింది. ఇప్పుడు అలవాటైంది.

డాక్టరు గదిలోకి ఇద్దరూ వెళ్లండి. జబ్బున్న మనిషి మాట్లాడాలి, రెండో మనిషి నోటుపుస్తకంలో రాయాలి. మాత్రల అట్ట మీద పెద్ద అక్షరాల పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు రాసుకోండి. జన్ ఔషధి దుకాణాల్లో కూడా ఆ పేరుతోనే ఇస్తారు, ధర బాగా తక్కువ. నీ పుస్తకం మరదలు రాస్తుంది కనుక మెట్ల మీద తూలిన సంగతి కూడా అందులోకి ఎక్కుతుంది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు లేచి నిలబడగానే బీపీ పడిపోవచ్చు. కూర్చున్నప్పుడూ నిలబడ్డప్పుడూ రెండుసార్లు చూడమని డాక్టరును అడుగు. అప్పటిదాకా మంచం అంచున ఒక నిమిషం కూర్చుని లే.

మరదలి నొప్పి మాత్రల సంగతి నువ్వు చూసుకో. చీటీ లేకుండా మందుల షాపులో అడిగి తెచ్చుకునేవి చాలావరకు బీపీని పెంచుతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. తనకు బీపీ ఉంది కదా! మోకాళ్లకు ఏం చేయాలో డాక్టరు చెబుతారు. నేను ఆపరేషన్‌ను మూడేళ్లు వాయిదా వేశాను. ఆయన్ను ఎవరు చూస్తారన్నది నా సాకు. ఆ రాత్రి ఆ పది అడుగులతో సాకు తీరిపోయింది.

వినికిడి యంత్రం పెట్టుకోవడానికి మీ బావగారు ఆరు నెలలు బెట్టు చేశారు. ముసలివాడిలా కనిపిస్తారట, 76 ఏళ్ల వయసులో!

అలాగని కాపలా కాయకండి. ఒకసారి సుందరయ్య పార్కు నుంచి నడిచి వచ్చిన మనిషి చొక్కా జేబులో మిర్చిబజ్జీల కాగితం దొరికింది. రెండు రోజులు మాట్లాడలేదు. నేను మాట్లాడని ఆ రెండు రోజులూ ఆయనకు మాత్రలు ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు. అప్పుడు సిగ్గేసి రాజీకి వచ్చాను. నెలకోసారి రెండు బజ్జీలు, నా కళ్లముందే.

స్నానాల గదికి లోపల గడియ పెట్టకండి, తలుపు దగ్గరగా వేస్తే చాలు. రాత్రి ఫోను తలగడ పక్కన ఉంచండి. తాళం ఒకటి పక్క ఫ్లాటువాళ్లకు ఇవ్వండి. మీ లిఫ్టులో స్ట్రెచర్ పడుతుందో లేదో వాచ్‌మన్‌ను అడిగిపెట్టుకో. 2024లో 70 నిండినవాళ్ల ఆసుపత్రి ఖర్చులకని వచ్చిన ఆయుష్మాన్ వయ వందన కార్డు ఆధార్‌తో ఇద్దరం తీసుకున్నాం. అందులో వచ్చే 5 లక్షలు ఏడాదికి కుటుంబంలో 70 నిండినవాళ్లందరికీ కలిపి, మనిషికి కాదు. నీకు ఇంకా మూడేళ్లుంది, అప్పుడు చూద్దాం.

ఆదివారం పొద్దున నల్లకుంట నుంచి బయల్దేరి వస్తున్నాం. ఇంట్లో ఉన్న మందులన్నీ, ఫ్రిజ్ మీద పెట్టి మరిచినవి కూడా, ఒక పళ్లెంలో పోసి ఉంచు. నీవి నేను చూస్తాను, మరదలివి మీ బావగారు చూస్తారు. పప్పులో ఉప్పు తగ్గించమని తనకు చెప్పు. ఆవకాయ జాడీ మాత్రం నా వైపు పెట్టించు, నాకు బీపీ లేదు.

అక్క