పరిహారానికి పరిమితి పెడితే ఆ బరువు ఎవరి మీద పడుతుంది?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇది. కాలిఫోర్నియాలో మీ దగ్గర ఉంటున్న మామగారికి ఆపరేషన్ తర్వాత ఆసుపత్రిలో జరిగిన పొరపాటు వల్ల నడక పోయింది. ఇద్దరు లాయర్లు కాగితాలు చూసి, తప్పు జరిగినట్టే ఉంది గానీ కేసు తీసుకోలేమని చెప్పారు. డాక్టరైన మీ స్నేహితుడేమో పరిహారానికి చట్టం పరిమితి పెట్టకపోతే ఇన్సూరెన్స్ ప్రీమియంలు కట్టలేక డాక్టర్లు రాష్ట్రం వదిలిపోతారని, కాబట్టి పరిమితి ఉండాల్సిందేనని అంటున్నారు. ఆయన మాట నిజమేనా, మన దేశంలో పద్ధతి ఎలా ఉంటుంది అని అడిగారు.

ఈ విషయాన్ని నేను రెండు వైపుల నుంచీ చూశాను. సెంట్రల్ వ్యాలీలో ఒక చిన్న క్లినిక్‌లో 2001 నుంచి లెక్కలు చూస్తున్నాను. వైద్యంలో పొరపాటు జరిగిందని కేసు వస్తే డాక్టరు తరఫున పరిహారం కట్టేది మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్స్. అక్కడి డాక్టర్ల ఆ ఇన్సూరెన్స్ కాగితాలన్నీ నా చేతుల మీదుగానే వెళ్తాయి. 2015లో మా అమ్మను ఒక ఆసుపత్రి నిర్లక్ష్యం వల్ల పోగొట్టుకున్నాను. అందువల్ల నా అభిప్రాయంలో దుఃఖం కూడా కలిసి ఉంటుందన్న సంగతి ముందే చెప్పడం న్యాయం.

కాలిఫోర్నియాలో ఈ పరిమితిని తెచ్చిన చట్టాన్ని అందరూ మైక్రా అంటారు. 1975లో ప్రీమియంలు ఒక్కసారిగా పెరిగిపోయి, శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో మత్తుమందు ఇచ్చే డాక్టర్లు అత్యవసర ఆపరేషన్లకు తప్ప రామని పని మానేసిన పరిస్థితిలో, గవర్నర్ జెర్రీ బ్రౌన్ శాసనసభను ప్రత్యేకంగా సమావేశపరచి ఈ చట్టం చేయించారు. చికిత్స ఖర్చులకు, పోయిన జీతానికి ఇందులో పరిమితి లేదు. బాధ, అంగవైకల్యం, మనిషిని కోల్పోవడం వంటి డబ్బులో కొలవలేని నష్టానికి మాత్రం ఎంత చేసినా 2.5 లక్షల డాలర్లకు మించి ఇవ్వకూడదని 2022 దాకా నియమం ఉండేది. జ్యూరీ ఎక్కువ ఇవ్వాలని నిర్ణయించినా జడ్జి దాన్ని 2.5 లక్షలకు తగ్గించాల్సి వచ్చేది. వినడానికి ఇది సమంజసంగానే ఉంటుంది. ఖర్చులు ఎలాగూ పూర్తిగా వస్తున్నాయి కదా అని 2015 వరకు నేనూ అనుకున్నాను.

మా అమ్మది తెనాలి దగ్గర పల్లెటూరు. అప్పటికి ఆవిడకు 68 ఏళ్ళు. పిత్తాశయంలో రాళ్ళు తీయడానికి చేసిన ఆపరేషన్‌లో పేగుకు చిన్న రంధ్రం పడింది. అలా జరగడం నిర్లక్ష్యమని నేను అనను, ఎంత చేయి తిరిగిన సర్జన్‌కైనా అది జరగవచ్చు. ఆ తర్వాత రెండు రాత్రులు జరిగింది మాత్రం నిర్లక్ష్యమే. "కడుపు రాయిలా అయిపోయిందే, చెయ్యి పెట్టి చూడు" అని అమ్మ నాతో అంటూనే ఉంది. నేను చెబితే గ్యాస్ అయి ఉంటుందన్నారు. రాత్రి నన్ను ఇంటికి పంపేసేవారు. నర్సు ఇంగ్లీషులో ఏది అడిగినా అమ్మకు తెలిసిన జవాబు "ఓకే" ఒక్కటే. తర్వాత మేము తెప్పించుకున్న రికార్డులో ఆ రెండో రాత్రికి రెండే వాక్యాలు ఉన్నాయి: రోగి కుదురుగా ఉన్నారు, నొప్పి లేదని చెప్పారు. స్కాన్ మూడో రోజు మధ్యాహ్నానికి గానీ తీయలేదు. అప్పటికే ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకింది. ఏడో రోజున అమ్మ పోయింది.

మేము కలిసిన మొదటి లాయరు మంచి మనిషి. పసుపు కాగితాల ప్యాడ్ మీద నా ఎదుటే లెక్క వేసి చూపించాడు. ముందుగా అడిగిన ప్రశ్న, "మీ అమ్మగారు ఏం సంపాదించేవారు?" ఏమీ లేదన్నాను. మా ఇద్దరు పిల్లలను పెంచిందీ, ఇల్లంతా నడిపిందీ ఆవిడేనని చెప్పాను. ఇంటి పనికి కూడా చట్టంలో విలువ ఉందని, కానీ ఆ వయసు మనిషికి దాన్ని కోర్టులో నిరూపించినా వచ్చేది కొంచెమేనని చెప్పాడు. ఇక మిగిలింది ఆ 2.5 లక్షలు. అది నాకొకటి, నాన్నగారికొకటి కాదు, ఒక మరణానికి వారసులందరికీ కలిపి ఒక్కటే. వైద్య నిపుణుల సాక్ష్యాలకు, వాంగ్మూలాలకు 80 వేలు అవుతుందని ఆయన అంచనా. గెలిస్తే ఆ ఖర్చు పోగా మిగిలే 1.7 లక్షల మీద లాయరు ఫీజుకు కూడా అప్పట్లో మైక్రాలోనే పరిమితి ఉండేది: మొదటి 50 వేల మీద 40 శాతం, తర్వాతి 50 వేల మీద మూడో వంతు, ఆపైన 25 శాతం. అంతా కూడితే 54 వేల చిల్లర. రెండు మూడేళ్ళ పనికి అది వస్తుంది. ఇలాంటి కేసుల్లో ఖర్చు ముందుగా లాయరే పెట్టుకుంటాడు కాబట్టి, ఓడిపోతే ఆ 80 వేలు ఆయన సొంత జేబులోంచి పోతాయి. ప్యాడ్ నా వైపు తిప్పి, "తప్పు జరిగింది. కానీ దీన్ని నేను నడపలేను" అన్నాడు. రెండో లాయరు ఆఫీసులో ఫోన్లోనే అమ్మ వయసు, ఉద్యోగం అడిగి వద్దన్నారు.

మీ ఇద్దరు లాయర్లూ చెప్పింది ఇదే లెక్క అయి ఉంటుంది. అమ్మకు జరిగిందే నెలకు 12 వేల డాలర్లు సంపాదించే 35 ఏళ్ళ ఇంజనీరుకు జరిగి ఉంటే, పోయిన జీతానికి పరిమితి లేదు కాబట్టి ఆ కేసు కోసం లాయర్లు పోటీ పడేవారు. పైకి అందరికీ ఒకటే అంకె. కానీ జీతం లేని గృహిణులు, పసిపిల్లలు, రిటైరైన పెద్దవాళ్ళకు చాలాసార్లు ఆ అంకే దాదాపు మొత్తం పరిహారం. మన ఇళ్ళలో పిల్లలను చూసుకోవడానికి వచ్చిన అమ్మమ్మలూ తాతయ్యలూ సరిగ్గా ఈ కోవలోకే వస్తారు. పరిమితి పరిహారాన్ని తగ్గిస్తుందని అందరూ అంటారు. నేను చూసినంతవరకు అది కోర్టు గుమ్మం దగ్గరే మనిషిని ఆపేస్తుంది. పైగా 1975లో పెట్టిన ఆ 2.5 లక్షలు ధరలతో పాటు పెరగలేదు. అమ్మ పోయేనాటికి దానికి సమానమైన విలువ దాదాపు 11 లక్షల డాలర్లు.

ఇప్పుడు మీ స్నేహితుడి మాట. ఆయన భయం అబద్ధం కాదు. మా క్లినిక్‌లో కాన్పులు చేసే డాక్టరమ్మ ఒకరు ఉండేవారు. ఆవిడ పాలసీ క్లెయిమ్స్ మేడ్ రకం. అంటే కేసు వేసేనాటికి పాలసీ నడుస్తూ ఉండాలి, చికిత్స చేసిన రోజున ఉంటే చాలదు. ఆవిడ భర్త ఉద్యోగం కోసం వేరే రాష్ట్రానికి వెళ్ళాల్సి వచ్చినప్పుడు, వెనకటి కాన్పుల మీద ఎప్పుడైనా రాగల కేసుల కోసం టెయిల్ కవరేజీ కొనాల్సి వచ్చింది. దాని వెల ఏడాది ప్రీమియానికి సుమారు రెండింతలు. ఆ బిల్లు చూసి ఆవిడ నా బల్ల ముందు కుర్చీలో చాలాసేపు మాట లేకుండా కూర్చున్నారు. ఆవిడ మీద అప్పటికి ఒక్క కేసూ లేదు.

ఆ మాటే నన్ను ఆలోచనలో పడేసింది. ఒక్క కేసూ లేని డాక్టరుకు ప్రీమియం ఎందుకు పెరుగుతుంది? మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్స్‌లో ఈ ఏడాది వసూలు చేసిన సొమ్మును కంపెనీ ఎన్నో ఏళ్ళ తర్వాత గానీ చెల్లించదు. ఈలోగా దాన్ని ఎక్కువగా బాండ్లలో పెడుతుంది. రాబడి బాగున్నప్పుడు ఖాతాదారుల కోసం కంపెనీలు పోటీ పడి ప్రీమియం తగ్గిస్తాయి. రాబడి పడిపోయినప్పుడు, వెనక తక్కువగా వేసుకున్న అంచనాలు తప్పినప్పుడు ఒక్కసారిగా పెంచుతాయి, లేదా వ్యాపారమే మానుకుంటాయి. 1990లలో పోటీ సాగింది. 2001 డిసెంబరులో దేశంలోనే పెద్ద కంపెనీల్లో ఒకటైన సెయింట్ పాల్ ఈ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఆ తర్వాత రెండు మూడేళ్ళు అనేక రాష్ట్రాల్లో డాక్టర్లకు చుక్కలు కనిపించాయి. అమెరికా కాంగ్రెస్ తరఫున లెక్కలు పరిశీలించే జనరల్ అకౌంటింగ్ ఆఫీసు 2003లో దీన్ని పరిశీలించింది. కేసుల మీద చెల్లింపులు పెరగడమే పెద్ద కారణమని చెబుతూనే, పెట్టుబడి రాబడి తగ్గడం, పాత పోటీ, రీఇన్సూరెన్స్ (ఇన్సూరెన్స్ కంపెనీలు తమ కోసం కొనుక్కునే ఇన్సూరెన్స్) ఖరీదు పెరగడం కూడా కారణాలేనని తేల్చింది. అందువల్ల కేసులకు సంబంధమే లేదనే వాదన సరికాదు, కేసులే అంతటికీ కారణమనే వాదనా సరికాదు.

కాలిఫోర్నియాలో రెండో చట్టం ఒకటి ఉంది. దాని గురించి డాక్టర్లు తక్కువగా మాట్లాడతారు. 1988 నవంబరులో ఓటర్లు నేరుగా ఆమోదించిన ప్రతిపాదన 103 అది. ఇన్సూరెన్స్ రేట్లను 20 శాతం వెనక్కి తగ్గించమంది. ఆపైన ఏ కంపెనీ అయినా రేటు మార్చాలంటే ముందుగా ఇన్సూరెన్స్ కమిషనర్ అనుమతి తీసుకోవాలంది, ఆ కమిషనర్‌ను ప్రజలే ఎన్నుకోవాలంది. వాణిజ్య పాలసీల మీద 15 శాతానికి మించి పెంచాలని అడిగితే వినియోగదారుల తరఫున ఎవరైనా బహిరంగ విచారణ కోరవచ్చు. ఆ హక్కు మాల్‌ప్రాక్టీస్ ప్రీమియంలకూ వర్తిస్తుంది.

అసలు వాదన అంతా ఇక్కడే ఉంది. మైక్రా వచ్చిన తర్వాత కూడా పదేళ్ళకు పైగా కాలిఫోర్నియాలో ప్రీమియంలు పెరుగుతూనే వచ్చాయి, 103 వచ్చాకే నిలబడ్డాయి, కాబట్టి ఆపింది నియంత్రణేనని వినియోగదారుల సంఘాలు అంటాయి. మైక్రా రాజ్యాంగబద్ధమేనని రాష్ట్ర సుప్రీంకోర్టు 1985లో ఫైన్ కేసులో తేల్చే దాకా ఆ పరిమితిని ఎవరూ నమ్మకంగా లెక్కలోకి తీసుకోలేదు, అందుకే ఫలితం ఆలస్యంగా కనిపించిందని డాక్టర్ల సంఘాలు అంటాయి. రెండో జవాబులో పస ఉందని నేను ఒప్పుకుంటాను. బహుశా రెండు చట్టాలూ పనిచేశాయి. కానీ 103 ఇన్సూరెన్స్ కంపెనీని లెక్క చూపించమని అడుగుతుంది. మైక్రా ఆ లెక్క సరిచేయడానికి మా అమ్మలాంటి వాళ్ళ వాటా కోస్తుంది. 103 చూపిన దారి పూర్తిగా నడవకుండా మైక్రా దారి పట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

డాక్టర్లు వదిలిపోతారన్న మాటకు టెక్సస్ మంచి పరీక్ష. 2003లో అక్కడ పరిమితి పెట్టారు. డాక్టర్ల మీద 2.5 లక్షలు, ఆసుపత్రులతో కలిపి ఎంత అయినా 7.5 లక్షలు. ప్రీమియంలు బాగా తగ్గాయి, కేసులూ తగ్గాయి. అంతవరకు మీ స్నేహితుడి మాటే నెగ్గింది. కానీ పరిమితి వల్ల డాక్టర్ల సంఖ్య పెరిగిందనడానికి ఆధారం దొరకలేదని హైమన్, సిల్వర్, బ్లాక్ అనే ఆచార్యులు తమ పరిశోధనలో చూపించారు. ఇటు ఇలినాయిస్, జార్జియా రాష్ట్రాల సుప్రీంకోర్టులు 2010లో, ఫ్లోరిడా సుప్రీంకోర్టు 2014, 2017లలో ఇలాంటి పరిమితులను కొట్టివేశాయి.

మన దేశంలో ఇలాంటి చట్టబద్ధమైన పరిమితి లేదు. 1990లో హైదరాబాద్ నిమ్స్‌లో ఆపరేషన్ తర్వాత కాళ్ళు చచ్చుబడిన ఒక ఇంజనీరింగ్ విద్యార్థికి సుప్రీంకోర్టు 2009లో కోటి రూపాయలు ఇప్పించింది. 2013లో కోల్‌కతా కేసులో దాదాపు 6 కోట్లు ఇప్పించింది. అయితే నిమ్స్ కేసులో ఆపరేషన్ నాటి నుంచి తుది తీర్పు దాకా 19 ఏళ్ళు పట్టింది. అక్కడ ఆపేది కాలం.

మీకు పనికొచ్చే సంగతి ఇక చెబుతాను. మా అమ్మ నాటి చట్టం మీ మామగారికి వర్తించదు. 2014లో పరిమితి పెంచాలన్న ప్రతిపాదన 46ను ఓటర్లు తిరస్కరించారు గానీ, 2022లో ఇరుపక్షాలూ రాజీకి వచ్చి ఏబీ 35 చట్టం తెచ్చాయి. దాని ప్రకారం 2023 జనవరి నుంచి వేసే కేసుల్లో బతికి ఉన్న రోగికి పరిమితి 3.5 లక్షల డాలర్లతో మొదలై ఏటా 40 వేల చొప్పున పదేళ్ళలో 7.5 లక్షలకు చేరుతుంది. మరణానికి 5 లక్షలతో మొదలై 10 లక్షలకు చేరుతుంది. డాక్టర్లకు ఒకటి, ఆసుపత్రికి ఒకటి చొప్పున వేర్వేరు పరిమితులు వర్తించే అవకాశం కూడా ఉంది. లాయరు ఫీజు కోర్టుకు వెళ్ళకముందు 25 శాతం, కేసు వేశాక 33 శాతం.

కాబట్టి మూడో లాయరు దగ్గరకు వెళ్ళండి. వైద్య నిర్లక్ష్యం కేసులే చేసేవారిని చూసుకోండి. వెళ్ళేముందు ఆసుపత్రి నుంచి రికార్డు మొత్తం తెప్పించుకోండి, డిశ్చార్జి కాగితాలు ఒక్కటే చాలవు, నర్సులు గంటగంటకూ రాసినవి కూడా కావాలి. మామగారికి ఇకపై ఇంట్లో మనిషి సాయం, చక్రాల కుర్చీ, ఫిజియోథెరపీ ఎన్నేళ్ళు అవసరమో డాక్టరు చేత రాయించుకోండి. అవన్నీ ఖర్చుల కింద వస్తాయి, వాటికి పరిమితి లేదు. ఆ ఇద్దరు లాయర్లు ఆ లెక్క వేశారో లేదో అడిగి చూడండి. నష్టం తెలిసిన నాటి నుంచి ఏడాది, లేదా జరిగిన నాటి నుంచి మూడేళ్ళు, ఏది ముందైతే అదే గడువు. కేసు వేసే ముందు 90 రోజుల నోటీసు ఇవ్వాలి. మీరు చెప్పిన తేదీని బట్టి చూస్తే మీకు ఇంకా నాలుగు నెలలు ఉన్నాయి.