జపాన్‌లో చిన్నపిల్లలకు ఇంట్లో ఇంగ్లీషు చెప్పాలంటే ఎలా మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇదీ: డిపెండెంట్ వీసా మీద టోక్యోలో ఉంటున్నారు, పక్క ఫ్లాట్లవాళ్లు తమ 4–6 ఏళ్ల పిల్లలకు వారానికోసారి ఇంగ్లీషు చెప్పమంటున్నారు. ఇక్కడ నేను చెప్పేదీ ఆ వయసు పిల్లలకే కాబట్టి, అవసరమైనవే రాస్తాను.

ముందు కాగితాల సంగతి. డిపెండెంట్ వీసాతో డబ్బు తీసుకుని ఏ పని చేయాలన్నా ఇమిగ్రేషన్ పర్మిషన్ ఉండాలి. మామూలుగా ఇచ్చేది, ఎక్కడైనా జీతానికి వారానికి 28 గంటల లోపు చేసే పనికి. సొంతంగా క్లాసు పెట్టుకుంటే అదే సరిపోతుందనుకోవద్దు. ఏం చేస్తారో, ఎన్ని గంటలో రాసి విడిగా అడగాలి. ఇంటి అద్దె ఒప్పందం కూడా ఓసారి చదివించుకోండి. ఇంట్లో వ్యాపారం కూడదని చాలావాటిలో ఉంటుంది.

నలుగురు పిల్లలు, 40 నిమిషాలు, క్లాసుకు 4 కొత్త మాటలు. ఇంతకు మించి పెట్టుకోకండి. పది మాటలు చెబితే వచ్చే వారానికి ఒక్కటీ మిగలదు. ఏ ఆటైనా ఏడెనిమిది నిమిషాలకే ఆపేయాలి, పిల్లలు ఇంకా కావాలంటున్నా సరే. విసుగొచ్చేదాకా ఆడిస్తే వచ్చే వారం ఆ ఆట పేరెత్తినా మొహం తిప్పుకుంటారు.

ఇక అసలు పని ఉచ్చారణ. జపనీస్‌లో ఒక్క ‘న్’ తప్ప మాట చివర హల్లు నిలవదు, అచ్చు వచ్చి చేరుతుంది. మిల్క్ ‘మిరుకు’ అవుతుంది, క్రిస్‌మస్ ‘కురిసుమాసు’ అవుతుంది. మనదీ అజంత భాషే (మాటలు అచ్చుతో ముగిసే భాష) కాబట్టి ఈ జబ్బు మనకు కొత్త కాదు: బస్సు, మిల్కు, పెన్ను. నిజానికి పెన్ దగ్గర వాళ్లే నయం, ‘పెన్’ అనే అంటారు. కాబట్టి ముందు మన నోరు సరిచేసుకోవాలి. మాటలు ఫోన్లో రికార్డు చేసుకుని వినండి, తోకలు మీకే వినిపిస్తాయి.

పిల్లలకు దీన్ని మాటలతో వివరించలేం, చప్పట్లతో చూపించాలి. మిల్క్‌కి వాళ్లు మూడు చప్పట్లు కొడతారు: మి, రు, కు. మీరు ఒక్కటే కొట్టి, ‘క్’ దగ్గర పిడికిలి టక్కున మూసేయండి. క్రిస్‌మస్‌కి వాళ్లు ఐదు కొడతారు, మీరు రెండు. పిడికిలి మూయగానే గొంతు ఆగాలన్నది ఆట. నాలుగైదు వారాల్లో పిల్లలే ఒకరినొకరు పట్టేస్తారు.

వాళ్ల వరసలో స, షి, సు, సె, సొ ఉన్నాయి గానీ ‘సి’ లేదు. అందుకే ‘సిట్ డౌన్’ అనమంటే వినకూడని మాట వినిపిస్తుంది. నవ్వకండి. పాములా ‘స్స్స్’ అని సాగదీయించి, ఆపి, తర్వాత ‘ఇట్’ అనిపించండి. ఈ రెండు ముక్కల మధ్య విరామం వారం వారం తగ్గించుకుంటూ రావాలి. ‘ఎల్’కి చిన్న అద్దం చేతికిచ్చి, నాలుక కొన పై పళ్ల వెనక కనబడాలని చెప్పండి. ‘ఆర్’కి పెదాలు సున్నాలా చుట్టాలి, నాలుక ఎక్కడా తగలకూడదు.

మన వైపు తప్పులు వేరే ఉన్నాయి. నోటి ముందు టిష్యూ ముక్క పట్టుకుని ‘పెన్’ అనండి. ఇంగ్లీషు ‘పి’కి అది కదలాలి, మన ‘ప’కి కదలదు. ‘వెస్ట్’ (west, vest), ‘వెట్’ (wet, vet) లాంటి మాటల్లో పై పళ్లు కింది పెదవికి తగలాలా వద్దా అన్నది కూడా ముందే చూసుకోండి. పిల్లలు మీరు అన్నట్టే అంటారు.

బొమ్మకార్డులు ఎంచేటప్పుడు జపనీస్‌లో కలిసిపోయిన మాటలతో జాగ్రత్త. ‘పాన్’ అంటే వాళ్లకు బ్రెడ్డు, కాబట్టి పెనం బొమ్మ పెట్టి అడిగితే తికమకపడతారు. ‘జ్యూస్’ అంటే సోడా డ్రింకులు కూడా వచ్చేస్తాయి.

ఆటల్లో కరుతాకు సాటి లేదు. అది ఇక్కడి పిల్లలకు తెలిసిన కార్డుల ఆటే కాబట్టి నియమాలు చెప్పక్కర్లేదు. 12 కార్డులు నేలమీద పరచి, చేతులు మోకాళ్ల మీద పెట్టించి, మాట అంటే చాలు, తటాలున కొడతారు. తప్పు కార్డు కొడితే ఒక వంతు పోయినట్టే. ఒక్కడే అన్నీ ఎగరేసుకుపోతుంటే వాణ్ణి మాటలు చెప్పేవాడిగా పెట్టండి. మిగతావాళ్లకు అవకాశం, వాడికి నోటికి పని.

మొదటి మూడు నెలలు అక్షరాల జోలికి వెళ్లకండి. ఈ వయసులో వాళ్లు హిరగానా (మొదట నేర్చుకునే జపనీస్ అక్షరాలు) నేర్చుకుంటూ ఉంటారు, అది చాలు. స్కూల్లో ఇంగ్లీషు 2020 నుంచి మూడో తరగతిలోనే మొదలవుతోంది, ఐదులో పాఠ్యాంశమవుతుంది. అందుకని తల్లులు తొందరపడతారు, కార్డుల మీద కటకానాలో (పరభాషా మాటలు రాసే జపనీస్ అక్షరాల్లో) ఉచ్చారణ రాసిపెడతారు. అది మాత్రం గట్టిగా వద్దనండి. ఒకసారి ‘క్యాట్టొ’ అని చదివితే పిడికిలి ఆట కష్టమంతా గంగపాలే. బదులుగా 30 సెకన్ల ఆడియో లైన్ (LINE) మెసేజింగ్ యాప్‌లో పంపండి: నాలుగు మాటలు, ఒక్కోటి మూడుసార్లు, మధ్యలో పిల్ల తిరిగి అనడానికి ఖాళీ.

కొందరు రెండు నెలలు నోరే విప్పరు. చూపించమంటే సరైన కార్డు చూపిస్తున్నారా? అయితే వింటున్నట్టే, వదిలేయండి. తల్లి పక్కన కూర్చుని ‘చెప్పు చెప్పు’ అంటుంటే మాత్రం ఆవిణ్ణి పక్కగదిలో కూర్చోబెట్టండి.

ఫీజు నెల మొదట్లో కవరులో ఇవ్వడం ఇక్కడి పద్ధతి. పిల్లకు జ్వరం వచ్చి మానేస్తే బదులు క్లాసు ఇస్తారా లేదా అన్నది మొదటి రోజే కాగితం మీద రాసివ్వండి, గొడవలన్నీ దాని దగ్గరే వస్తాయి. చాక్లెట్ పెట్టాలనిపించినా గుడ్డు, పాలు, గోధుమ అలర్జీలు ఉన్నాయేమో తల్లిదగ్గర రాయించుకోనిదే ఏమీ పెట్టకండి.