ఓటు, పొలం, మరణ ధ్రువపత్రం: ఎక్కడ, ఎలా వెతకాలి

చి. సౌ. సుజాతకు ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఇంట్లోవాళ్ల ఓట్లు, పొలం కాగితాలు, తాతయ్య మరణ ధ్రువపత్రం అన్నీ ఒకేసారి తలకెత్తుకున్నావు. చేయాల్సిన పనే. కాకపోతే ఏ సైటూ తెరవకముందు ఒక కాగితం మీద ఇవి రాసుకో: అది ఏ సంవత్సరం రికార్డు, అప్పుడు ఆ ఊరు ఏ జిల్లా, ఏ మండలం, పాత నంబరేదైనా చేతిలో ఉందా. సర్కారీ రికార్డు ఏదైనా ఊరు, సంవత్సరం, నంబరు మీదే నడుస్తుంది. ఒట్టి పేరు పట్టుకుని వెళ్లినవాళ్లే ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటారు. మన సూర్యాపేట 2016 అక్టోబరు దాకా నల్గొండ జిల్లా. మీ అత్తగారి నరసరావుపేట 2022 ఏప్రిల్ దాకా గుంటూరు, ఇప్పుడు పల్నాడు. మండలాలు వచ్చింది 1985లో, అంతకుముందు కాగితాల మీద తాలూకా పేరుంటుంది.

ముందు ఓట్ల సంగతి చూడు. చేతిలో కార్డుంటే ఓటు ఉన్నట్టేనని అనుకోవద్దు, జాబితాలో పేరుండాలి. ఎన్నికల సంఘం ఓటర్ల పోర్టల్‌లో ఎపిక్ నంబరుతో, అంటే ఓటరు కార్డు మీది నంబరుతో, మొదలుపెట్టు. మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. ఏపీ అని మొదలై మధ్యలో గీతలున్న పాత నంబరైతే తగలకపోవచ్చు, అలాంటివి చాలావరకు మారాయి. ఫోన్ నంబరుతో వెతకాలంటే అది ముందే ఓటుకు జోడించి ఉండాలి. పేరుతో వెతికితే స్పెల్లింగు దగ్గరే దెబ్బ తింటాం. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట పొడి అక్షరం. కాబట్టి దొరకలేదని కంగారుపడకు. మీ పోలింగ్ కేంద్రం జాబితా దింపుకో.

రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి సైటులో ఆ పీడీఎఫ్‌లు ఉంటాయి. అవి బొమ్మలుగా పెట్టినవి, అందులో సెర్చ్ పనిచేయదు, కళ్లతో చదవాల్సిందే. పేజీకి ముప్పై గళ్లు. ఒక్కో గడిలో పైన క్రమసంఖ్య, ఎపిక్ నంబరు, కింద పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు. ఇంటి నంబరు పట్టుకుని వెళ్లు. ఇంట్లో ఒకరు కనిపిస్తే మిగతావాళ్లు తరచు ఆ పక్కనే ఉంటారు. కొత్తగా చేరినవాళ్లు మాత్రం చివరి అనుబంధ జాబితాలో పడతారు. చాలామంది అక్కడిదాకా వెళ్లకుండానే ఓటు లేదని తేల్చేస్తారు. గడి మీద అడ్డంగా తొలగింపు ముద్ర కనిపిస్తే క్రమసంఖ్య దగ్గరి ఇంగ్లీషు అక్షరం చూడు. ఎస్ అంటే ఇల్లు మారారని, ఈ (E) అంటే చనిపోయారని, ఆర్ అంటే పేరు రెండుసార్లు ఉందని.

తీసేసిన పేరు మళ్లీ చేర్చాలంటే ఫారం 6 వేయాలి. ఫారం 8 జాబితాలో ఉన్నవాళ్లకే: చిరునామా మార్పు, తప్పుల దిద్దుబాటు, కొత్త కార్డు. ఈ తేడా తెలియక 8 వేసి, అది తిరస్కరించేదాకా ఎదురుచూసి, ఎన్నికలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఓటర్ల నమోదు అధికారి (ఈఆర్‌ఓ) కాదంటే 15 రోజుల్లో కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. మీ బూత్ స్థాయి అధికారి (బీఎల్‌ఓ) ఎవరో తెలియకపోతే 1950కి ఫోన్ చెయ్యి. పాత జాబితా కావాలంటే పాత నియోజకవర్గం పేరు కావాలి, 2009 ఎన్నికలకు హద్దులు మారాయి. మీరుండే శేరిలింగంపల్లి అంతకుముందు ఖైరతాబాద్‌లో ఉండేది.

పొలానికి సర్వే నంబరు సబ్‌డివిజన్‌తో సహా కావాలి. 112/అ వేరు, 112/ఆ వేరు. ఈసీ, అంటే పొలం మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం, కంప్యూటర్లో 1983 నుంచే వస్తుంది. అంతకుముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు తీయించి చూడాలి. తెలంగాణలో ఇంకో మెలిక ఉంది. 2020 నవంబరు నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దారు దగ్గరికి వెళ్లింది, మొదట ధరణి పోర్టల్‌లో, 2025 ఏప్రిల్ తర్వాత భూభారతి పోర్టల్‌లో. అందుకని సబ్ రిజిస్ట్రార్ రికార్డులో, భూభారతిలో రెండుచోట్లా ఈసీ చూడు. ఒక్కచోట చూసి పొలం మీద ఏ లావాదేవీ లేదనుకోవడం ప్రమాదం. పైగా రిజిస్టరు కాని వీలునామా, అగ్రిమెంటు అందులో కనపడవు. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితా కూడా విడిగా చూడాలి. పాత హక్కు తేలాలంటే 1954-55 ఖాస్రా పహాణీ (పొలం ఎవరి పేర, ఎవరి సాగులో ఉందో రాసిన పాత రికార్డు) నకలు అడుగు. అత్తగారివాళ్ల పొలానికి ఆంధ్రప్రదేశ్ భూరికార్డుల సైటు మీభూమిలో అడంగల్ (సాగు వివరాల రికార్డు), 1-బి (యజమాని ఖాతా వివరాలు) వస్తాయి.

మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది. తాతయ్య పోయింది హైదరాబాదు ఆసుపత్రిలో గనుక పంచాయతీలో అడిగితే లేదనే అంటారు, జీహెచ్‌ఎంసీలో వెతికించు. నమోదు ఆలస్యమై ఉండొచ్చు, పోయిన తేదీతో ఆపకుండా తర్వాతి రెండు మూడు నెలలూ చూడమను. అయినా లేకపోతే రికార్డు లేదని రాతపూర్వకంగా తీసుకో. ఏడాది దాటాక నమోదుకు ఆర్డీఓ ఉత్తర్వు కావాలి, దానికి ఈ కాగితమే ఆధారం.

ఎక్కడైనా నోటిమాటగా లేదంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టు. మన రెండు రాష్ట్రాల్లో గ్రామస్థాయి ఆఫీసులో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, పై ఆఫీసుల్లో 10. ఎందుకు ఇవ్వలేదని అడిగితే జవాబు రాదు. ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరు, ఫలానా సంవత్సరం పహాణీ నకలు ఇవ్వండి అని రాయి. రికార్డు ఏ ఏడాదిదో తెలియకపోతే ముందు రిజిస్టరు చూడనివ్వమని అడుగు, ఆ హక్కు చట్టంలోనే ఉంది. 30 రోజుల్లో ఇవ్వకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వెయ్యి. అందినట్టు ముద్ర వేయించుకున్న కాపీ లేకుండా ఆఫీసు గడప దాటకు.

నల్గొండ రికార్డు రూముకు వెళ్లేముందు పొలం సర్వే నంబర్లు నాకు రాసి పంపు, దరఖాస్తు నేను రాసిస్తాను.

ఇట్లు,
నీ పెదనాన్న