స్ప్రింగులు పొట్టివైతే స్ట్రట్లూ పొట్టివి కావాలి

ప్రశ్న: నా దగ్గర 1972 నాటి డాట్సన్ 240జెడ్ కారు ఉంది. చక్రాలకూ మడ్‌గార్డులకూ మధ్య ఖాళీ ఎక్కువగా కనిపిస్తోంది కనుక దానిని రెండు అంగుళాలు దించాలనుకుని, పొట్టిగా, గట్టిగా ఉండే స్ప్రింగులు తెప్పించాను. షాక్ అబ్జార్బర్లు ఈ మధ్యే మార్పించాను, బాగానే పనిచేస్తున్నాయి. స్ప్రింగులు మాత్రమే మారిస్తే సరిపోతుందా? కారును రోడ్ల మీదే నడుపుతాను, రేసులకు కాదు.
- ఒక పాఠకుడు, శాన్ హోజే, కాలిఫోర్నియా

జవాబు: రెండు అంగుళాలు దించదలిస్తే సరిపోదు. ఒక అంగుళంతో, అంటే 25 మి.మీ.తో ఆగితే స్ట్రట్ల (స్ప్రింగునూ షాక్ అబ్జార్బర్‌నూ కలిపి మోసే నిలువు భాగాల) గొట్టాలను కోయకుండానే పని జరుగుతుంది. రోడ్డు మీద నడిపే 240జెడ్‌కు నా సలహా కూడా అదే.

ఈ కారుకు నాలుగు చక్రాల దగ్గరా స్ట్రట్లే ఉంటాయి. స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఒకే గొట్టం మీద అమరి ఉంటాయి కాబట్టి ఒకదానిని మార్చినప్పుడు రెండోదానిని పట్టించుకోకుండా వదిలేయలేము. కారు బాడీని 50 మి.మీ. దించితే, గుంత ఎదురైనప్పుడు చక్రం పైకి కదలడానికి ఉన్న జాగాలోనూ అంతే తగ్గుతుంది. అప్పుడు ఒక మోస్తరు గతుకుకే రబ్బరు బంపు స్టాపు నలిగిపోయి, ఆపైన పిస్టన్ అడుగుకు తగులుతుంది. ఆ దెబ్బ అబ్జార్బర్ లోపలి వాల్వులనూ, యాభై ఏళ్లు దాటిన బాడీనీ నేరుగా తాకుతుంది. స్ట్రట్ గొట్టాన్ని తగ్గించి, దానికి సరిపోయే పొట్టి కార్ట్రిడ్జిని, అంటే గొట్టం లోపల కూర్చునే అబ్జార్బర్‌ను, అమర్చడంలోని ఉద్దేశం పోయిన ఆ కదలికను తిరిగి తెచ్చుకోవడమే. గొట్టాన్ని కోయకుండా పొట్టి కార్ట్రిడ్జి కింద స్పేసర్ పెట్టి బిగిస్తే, పైకి కదిలే జాగా పెరగదు, చక్రం కిందికి వేలాడే దూరం మాత్రమే తగ్గుతుంది.

స్ప్రింగు విషయంలో చాలామంది గమనించని లెక్క ఒకటి ఉంది. ఒక మూలన స్ప్రింగు మీద 200 కిలోల బరువు పడుతోందనుకోండి. మి.మీ.కు 2 కిలోల స్ప్రింగు ఆ బరువుకు 100 మి.మీ. కుంగుతుంది, 4 కిలోల స్ప్రింగు 50 మి.మీ. మాత్రమే కుంగుతుంది. కాబట్టి రెట్టింపు గట్టిదనం ఉన్న స్ప్రింగును పాతదాని కన్నా 25 మి.మీ. మాత్రమే పొట్టిగా తీసుకుంటే కారు దిగకపోగా 25 మి.మీ. పైకి లేస్తుంది; కారు 25 మి.మీ. దిగాలంటే ఆ స్ప్రింగు 75 మి.మీ. పొట్టిగా ఉండాలి. అలాంటి స్ప్రింగు 50 మి.మీ. సాగేసరికి పూర్తిగా వదులైపోతుంది, పాత పొడవు స్ట్రట్ ఇంకా కిందికి దిగగలిగితే స్ప్రింగు తన సీటు నుంచి పక్కకు తొలగే ప్రమాదం ఉంది. జాకీతో కారును ఎత్తి, చక్రాలు వేలాడుతున్నప్పుడు స్ప్రింగు చేతికి కదులుతోందేమో చూడండి. కదిలితే ఆ కారును రోడ్డు మీదికి తీయకండి.

మీ అబ్జార్బర్లు కొత్తవే కావచ్చు, కానీ అవి పాత స్ప్రింగులకు తగినవి. స్ప్రింగు గట్టిదనం రెట్టింపైతే, ఊగిసలాటను మునుపటిలాగే అదుపు చేయడానికి అబ్జార్బర్ నిరోధం సుమారు 1.4 రెట్లు కావాలి. లేకపోతే కారు గట్టిగానూ ఉంటుంది, ఎగురుతూనూ ఉంటుంది.

దించడం వల్ల లాభం ఉన్నమాట నిజమే. మలుపులో లోపలి టైర్ల నుంచి బయటి టైర్ల మీదికి మారే బరువు, గురుత్వ కేంద్రం ఎత్తును బట్టి ఉంటుంది. ఆ ఎత్తు 500 మి.మీ. అనుకుంటే, 25 మి.మీ. దించినందుకు ఆ బరువు 5 శాతం తగ్గుతుంది. అయితే స్ట్రట్ సస్పెన్షన్‌లో, చక్రాన్ని బాడీకి కలిపే కింది ఆర్మ్ బయటి కొస పైకి లేచేకొద్దీ, రోల్ సెంటర్ (మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ పక్కకు ఒరుగుతుందో ఆ బిందువు) బాడీ కన్నా వేగంగా కిందికి జారుతుంది. గురుత్వ కేంద్రానికీ దానికీ మధ్య దూరం పెరిగి, బాడీని పక్కకు ఒరిగించే బలం ఎక్కువవుతుంది. రెండు అంగుళాలు దించిన కారు చూపులకు ఎంత చురుగ్గా ఉన్నా, ఆ అదనపు బలాన్ని ఆపడానికి స్ప్రింగులను మరీ గట్టివి చేసుకోవలసి రావడానికి కారణం ఇదే. ముందు చక్రాల దగ్గర స్ట్రట్ అడుగుకూ స్టీరింగ్ ఆర్మ్‌కూ మధ్య పెట్టే స్పేసర్లు ఈ లోపాన్ని చాలావరకు సరిచేస్తాయి. వాటిని బంప్ స్టీర్ (గతుకులో చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడు దానంతట అదే పక్కకు తిరగడం) స్పేసర్లు అంటారు గానీ, అవి ఆర్మ్ కొసన ఉండే బాల్ జాయింట్‌నూ, స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ చివరనూ కలిపే కిందికి దించుతాయి కాబట్టి వాటి అసలు మేలు రోల్ సెంటర్ విషయంలోనే. ఫ్యాక్టరీ 14 అంగుళాల చక్రాలు ఉంటే, కిందికి దిగిన ఈ భాగాలు చక్రం లోపలివైపు తగలకుండా ఖాళీ ఉందో లేదో ముందే కొలుచుకోండి.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ ట్రే కింద, ఫ్లోరు కింది ఫ్రేమ్ రైళ్లలో తుప్పు పట్టిందేమో చూడండి. తుప్పు పట్టిన బాడీకి గట్టి స్ప్రింగులు వేయడం అన్యాయం. ప్రతి చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు వరకు ఎత్తు కొలిచి రాసిపెట్టుకోండి. స్ప్రింగును స్ప్రింగ్ కంప్రెసర్ అనే పనిముట్టుతో, అది సీట్ల మీద వదులయ్యేంత వరకు అదిమిన తరువాతే స్ట్రట్ పై నట్టు విప్పాలి. ఈ ఒక్క విషయంలో తొందరపాటు ప్రాణాల మీదికి తెస్తుంది. వెనుక స్ట్రట్‌ను ఆర్మ్‌కు కలిపే పొడవాటి స్పిండిల్ పిన్ తుప్పుతో బిగుసుకుపోవడం ఈ కార్లలో మామూలే కాబట్టి, కొత్త పిన్ను దగ్గర ఉంచుకునే దానిని కదిలించండి. రబ్బరు బుష్‌ల బోల్టులను చక్రాలు నేల మీద ఉండి కారు బరువు వాటిపై పడినప్పుడే చివరిగా బిగించాలి, లేకపోతే బుష్ ఎప్పుడూ మెలిపడే ఉండి త్వరలో చిరిగిపోతుంది. ఆ తరువాత వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. ఈ కారులో క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలి ఉండే కోణం) సర్దుకునే ఏర్పాటు ఫ్యాక్టరీ ఇవ్వలేదు కాబట్టి, టైర్ల లోపలి అంచులు అరుగుతుంటే సర్దుబాటు ఉన్న బుష్‌లు గానీ, క్యాంబర్ ప్లేట్లు గానీ వేయించాలి.

ప్రశ్న: పాత కారు స్ప్రింగులలో రెండేసి చుట్లు కోసేస్తే తక్కువ ఖర్చుతో దిగుతుందని మెకానిక్ అంటున్నారు. చేయించవచ్చా?
- మరొక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వద్దు. ఎనిమిది చుట్ల స్ప్రింగులో రెండు తీసేస్తే గట్టిదనం మూడోవంతు పెరుగుతుంది, అబ్జార్బర్ మాత్రం పాతదే ఉంటుంది. గ్యాస్ మంటతో కోస్తే, తయారీలో వేడిచేసి ఉక్కుకు తెచ్చిన బలం పోతుంది, కోసిన కొస సీటులో సరిగా కూర్చోదు. పైగా తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నమయ్యేలా ఆర్‌సీలోని వివరాలు మారే మార్పులు చేయరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. మీ కారు స్ప్రింగులు కుంగిపోయి ఉంటే అసలు కొలతలవే కొని, ఎడమా కుడీ రెండింటినీ ఒకేసారి మార్పించండి.