కువైట్‌లో పట్టిన పేగు జబ్బు, టెక్సాస్‌లో కొనబోయే ఇల్లు

ప్రశ్న: అమెరికా సైన్యంలో పనిచేసి 2021లో బయటికి వచ్చాను. 2019లో కువైట్‌లో ఉండగా షిగెల్లా అనే బ్యాక్టీరియా సోకి జిగట విరేచనాలయ్యాయి. అవి అప్పుడే తగ్గినా కడుపునొప్పి, వేళాపాళా లేని విరేచనాలు నేటికీ వదలలేదు. డాక్టరు ఐబీఎస్ (ఇరిటబుల్ బవల్ సిండ్రోమ్, పేగుల పనితీరు దెబ్బతినే దీర్ఘకాలిక సమస్య) అన్నారు. వచ్చే ఏడాది వీఏ (అమెరికా మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) లోన్‌తో టెక్సాస్‌లో తొలి ఇల్లు కొనాలనుకుంటున్నాను. నెలనెలా వీఏ నుంచి వచ్చే ఆ కాస్త వైకల్య పరిహారం కోసం క్లెయిమ్ వేయడం దండగేమో?

జవాబు: దండగ కాదు; అయితే క్లెయిమ్‌లో ముందుంచవలసినది షిగెల్లాను కాదు, ఐబీఎస్‌ను. గల్ఫ్ ప్రాంతంలో పనిచేసినవారికి షిగెల్లా, కాంపిలోబాక్టర్, టైఫాయిడేతర సాల్మొనెల్లా జబ్బులు సర్వీసు వల్లనే వచ్చాయని భావించే నిబంధన ఉన్నా, సర్వీసు ముగిసిన ఏడాదిలోపు అవి కనీసం 10 శాతం వైకల్య స్థాయిలో బయటపడి ఉండాలి. పైగా నయమైన ఇన్ఫెక్షన్‌కు కాక, అది మిగిల్చిన బాధకే పరిహారం వస్తుంది. ఐబీఎస్‌కు అటువంటి గడువును 2022 నాటి పాక్ట్ చట్టం తొలగించింది. కువైట్‌లో చికిత్స చేసిన కాగితాలు ఉంటే తప్పక జతచేయండి.

గత మూడు నెలల్లో ఎన్నాళ్లు నొప్పి వచ్చిందన్నది రేటింగ్‌కు, అంటే వీఏ నిర్ణయించే వైకల్య శాతానికి, కీలకం కాబట్టి, ఈరోజు నుంచే తేదీలవారీగా రాసిపెట్టుకోండి. 2024 డిసెంబరు 1 నుంచి ఏడాదిపాటు అమలైన రేట్ల ప్రకారం 10 శాతానికి నెలకు 175.51 డాలర్లు, 30 శాతానికి, ఆధారపడినవారు లేకుంటే, 537.42 డాలర్లు వచ్చేవి. ఈ పరిహారంపై ఆదాయపు పన్ను లేదు.

మీ విషయంలో అసలు లాభం ఇంటి దగ్గర ఉంది. డౌన్ పేమెంట్ లేకుండా తొలిసారి తీసుకునే వీఏ లోన్‌పై 2.15 శాతం ఫండింగ్ ఫీజు (వీఏకు ఒకసారి కట్టే రుసుము) పడుతుంది, అంటే 4 లక్షల డాలర్ల అప్పుకు 8,600 డాలర్లు. పరిహారం అందుకునేవారికి, అది 10 శాతమే అయినా, ఈ ఫీజు పూర్తిగా మాఫీ. అందుకే పూర్తి దరఖాస్తు సిద్ధమయ్యేదాకా ఆగకుండా ఈ వారమే ‘ఇంటెంట్ టు ఫైల్’ (క్లెయిమ్ వేయబోతున్నానని వీఏకు ముందుగా తెలిపే నోటీసు) పంపండి. ఏడాదిలోపు క్లెయిమ్ పూర్తిచేస్తే పరిహారం అమలు తేదీగా ఆ నోటీసు తేదీయే మీకు దక్కుతుంది. రేటింగ్ ఆలస్యమై ఈలోగా ఫీజు కట్టేసినా, పరిహారం అమలు తేదీ లోన్ క్లోజింగ్‌కు (అప్పు ఖరారై సంతకాలయ్యే రోజుకు) ముందుదైతే వాపసు అడగవచ్చు.

తొలి క్లెయిమ్ వేసిపెట్టడానికి రుసుము అడిగేవారిని దగ్గరికి రానీయకండి, అది చట్టవిరుద్ధం; వీఏ గుర్తింపు పొందిన మాజీ సైనికుల సంఘాలు ఆ పనిని ఉచితంగా చేస్తాయి. జబ్బు మెరుగుపడితే రేటింగ్ తగ్గే అవకాశం ఉంది కనుక, ఇంటి వాయిదాను మీ జీతం మీదనే లెక్కవేసుకోండి.