వరండాలో ఎర్రబిళ్ళలు పరిచే ముందు

కావలి

అమ్మణ్ణీ,

తుమ్మలపెంట ఇంటి వరండాకు ఎర్రమట్టి బిళ్ళలు వేస్తున్నావని, మేస్త్రి పక్కన కూర్చుని నువ్వూ తాపీ పడతానంటున్నావని మీ అమ్మ చెప్పింది. ముప్పయ్యేళ్ళు ఆ పనే చేసినవాణ్ణి, సంతోషంతో రాత్రి నిద్ర పట్టలేదు. కార్తీకంలో సత్యనారాయణ వ్రతం నాటికి బిళ్ళలకు అవిసె నూనె కూడా పట్టించేయాలన్నావట. ఆ మాట విన్నప్పట్నుంచీ టెన్షన్‌గా ఉంది.

పరవడం నీకు కష్టం కాదులే. బిళ్ళల్ని తొట్లో వేసి బుడగలు ఆగేదాకా నాననివ్వు. పొడి బిళ్ళ కింద వేసే సిమెంటు ఇసుక మాలులో నీళ్ళన్నీ పీల్చేస్తుంది, ఇక పట్టుండదు. నాలుగైదు కట్టలు విప్పి కలిపి పరుచు, ఒక్కో బట్టీది ఒక్కో రంగు. నీళ్ళు జారిపోయే వాటం పదడుగులకు అంగుళం పైనే పెట్టు. సందుల్లో సిమెంటు నింపేటప్పుడు బిళ్ళ మీద పడ్డది అప్పటికప్పుడే తడి స్పాంజితో తుడిచెయ్, ఆరితే వదలదు.

మీ బోరు నీళ్ళు ఉప్పు. మాలుకైనా, నానబెట్టడానికైనా ఆ నీళ్ళు ముట్టుకోవద్దు. మంచినీళ్ళ ట్యాంకరు తెప్పించు, డబ్బుకు వెనకాడకు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, నా సొంతింట్లో నేనే చెడగొట్టుకున్నాను. అదీ కార్తీకమే. మన నెల్లూరు వైపు అసలు వానలన్నీ అప్పుడే కదా. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడిందని బోరు నీళ్ళతోనే పరిచేసి, తొమ్మిదో రోజుకే అవిసె నూనె పట్టించాను. తేనె పూసినట్టు మెరిసింది. చుట్టాలందరూ వంగి చేత్తో తడిమి చూసి మెచ్చుకున్నారు.

సంక్రాంతి దాటాక ఒక తెల్లవారుజామున చూస్తే నేలంతా ముగ్గుపిండి చల్లినట్టుంది. తడిగుడ్డతో తుడిచాను. మర్నాటికి ఇంకా ఎక్కువ తేలింది. నీళ్ళు తగిలినకొద్దీ ఉప్పు కరిగి లోపలికి దిగి, ఆరేటప్పుడు మళ్ళీ పైకొస్తుందని అప్పటికి నాకు తెలియదు. పొడి బ్రష్‌తో ఊడ్చెయ్యాలంతే. ఎవరో చెప్పారని ఆసిడ్ పోశాను. సందుల్లో సిమెంటు నురగలు కక్కి తినేసింది, మీ అత్త రెండు రోజులు దగ్గుతూనే ఉంది. నూనె పొర దాటి రాలేని ఉప్పు లోపలే గడ్డకట్టి, బిళ్ళలు పెచ్చులుగా లేచాయి. అప్పుడు నీకు నాలుగేళ్ళు. వరండాలో తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే ఒక పెచ్చు మడమలో దిగింది. మీ అత్త పసుపద్ది గుడ్డ కట్టింది. నువ్వు కాసేపటికే మర్చిపోయి మళ్ళీ ఆటకు పోయావు. నాకు మాత్రం ఆ పూట అన్నం దిగలేదు.

అందుకే వ్రతం ఉత్త నేల మీదే చేసుకో తల్లీ, చాప పరిస్తే సరిపోతుంది. నూనె సంగతి ఎండలొచ్చాక చూద్దాం. పరిచాక నెల పైనే ఆరనిచ్చి, రాత్రి ఒక బిళ్ళ మీద ప్లాస్టిక్ కవరు పెట్టి నాలుగంచులూ టేపుతో అంటించు. తెల్లారి కవరు కింద చెమ్మ పట్టిందా, ఇంకా ఆగాలి. పొడిగా ఉందా, అప్పుడు పెయింట్ల కొట్లో డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ అని అడుగు, అదే అవిసె నూనె. మొదటి పూతకు సగానికి సగం టర్పెంటైన్ కలిపి, పల్చగా పట్టించి, ఇరవై నిమిషాల్లో మిగిలినదంతా తుడిచెయ్. వదిలేస్తే జిగురై కాళ్ళకంటుతుంది. ఒక రోజు గడిచాక రెండో పూత.

ఆ తుడిచిన గుడ్డల్ని మాత్రం ఉండచుట్టి మూల పడేయకు. నూనె ఆరేటప్పుడు తనంతట తానే వేడెక్కి గుడ్డకు నిప్పంటుకుంటుంది. పిల్లాడు తిరిగే ఇల్లు. పనయిన వెంటనే నీళ్ళ బకెట్‌లో ముంచు, లేదా గోడ మీద విడివిడిగా ఆరెయ్. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి ఆ గుడ్డలేం చేశావో చెప్పాలి.

సంక్రాంతి వెళ్ళాక బస్సెక్కి వస్తాను, నా రసమట్టం తెస్తాను. ఒక అయిదారు బిళ్ళలు విడిగా అటక మీద దాచిపెట్టు, ఎప్పుడైనా ఒకటి పగిలితే మళ్ళీ ఆ రంగు దొరకదు.

మీ మామయ్య