షెడ్డులో దొరికిన బెరడు పడవను ఏం చేయాలి?

ప్రశ్న: కెనడాలోని ఒంటారియోలో పాత ఇల్లు కొన్నాం. వెనక షెడ్డులో సుమారు 15 అడుగుల బర్చ్ చెట్టు బెరడు కెనూ (సన్నటి తెడ్డు పడవ) రెండు తాళ్లకు వేలాడుతూ కనిపించింది. బెరడు అక్కడక్కడా చీలింది, నల్లటి అతుకులు పెచ్చులూడుతున్నాయి. ఇది నిజంగా పాత చేతిపనేనా? నూనె పట్టించి, చీలికలు పూడ్చి సరస్సులో నడపవచ్చా?

జవాబు: నూనె వద్దు. నీళ్లలోకీ దించవద్దు. బరువంతా రెండు తాళ్ల దగ్గరే పడితే ఎండిన బెరడు అక్కడే పగులుతుంది కాబట్టి ముందు దాన్ని కిందికి దించండి. నలుగురు అడుగున చేతులు పెట్టి మోయాలి. అంచులు పట్టుకుని ఎత్తితే పెళుసుబారిన, చెట్ల వేళ్లతో వేసిన కట్లు తెగిపోతాయి.

పాతదో కాదో చెప్పడానికి బెరడు మీది సన్నటి గీతలు చూడండి. చెట్టు మీద అవి మాను చుట్టూ ఉంటాయి. ఊడదీసిన బెరడును పడవ పొడవునా పరుస్తారు కనుక గీతలు ఈ అంచు నుంచి ఆ అంచుకు అడ్డంగా సాగాలి. చెట్టు మీద బయటికి కనిపించే తెల్లటి వైపు పడవలో లోపలికి వస్తుంది. నీటికి తగిలేది గోధుమరంగు వైపు. మీ పడవ బయట తెల్లగా ఉంటే అలంకారానికి చేసినదేమోనని అనుమానించాలి. కుట్లు స్ప్రూస్ చెట్టు వేళ్లవైతే ఒక వైపు గుండ్రంగా, ఒక వైపు చదునుగా ఉంటాయి. వేరును నిలువునా చీల్చి వాడతారు మరి. అంచు బద్దల్లో ఇనుప మేకులున్నంత మాత్రాన నకిలీ అనుకోకండి, 19వ శతాబ్దంలోనే ఆదివాసీ పనివాళ్లు మేకులు వాడారు.

ఇక మరమ్మతు. మన తాటి దోనెలా ఇది తొలిచిన మాను కాదు. ఇందులో ముందు పుట్టేది బెరడు. దాన్ని నేల మీద పరిచి, రాళ్లతో అదిమి, చుట్టూ కర్రలు పాతి పైకి మడుస్తారు. ఆ తర్వాతే సీడార్ చెక్క పలకలు పరిచి, వేడినీళ్లతో వంచిన బద్దలను లోపల దిగ్గొడతారు. ఆ బద్దల ఒత్తిడే బెరడును బిగువుగా ఉంచుతుంది. జారిన బద్దను ఇప్పుడు సుత్తితో సరిచేయబోతే, సాగే గుణం పోయిన బెరడు నిలువునా చీలుతుంది. నూనె పైపైనే నిలిచి దుమ్ము పట్టి నల్లబడుతుంది. సిలికాన్, ఎపాక్సీ జిగురులు పూస్తే తర్వాత తీయబోయినప్పుడు బెరడు పొర కూడా ఊడివస్తుంది.

మెత్తని గుడ్డ చుట్టిన ఊతాలు మూడు నాలుగు చోట్ల పెట్టి, హీటరుకు దూరంగా, తేమ 50 శాతం దగ్గర నిలకడగా ఉండే గదిలో ఉంచండి. పొడి కుంచెతో దుమ్ము దులిపితే చాలు. పాత అతుకులు, గీరిన బొమ్మలు ముట్టుకోకండి. ఏ జాతి వాళ్లు, ఎలా చేశారో చెప్పేవి అవే. ఫొటోలు, కొలతలు తీసి పీటర్‌బరో కెనడియన్ కెనూ మ్యూజియం వారిని అడగండి. ఏ జాతి పనో తేలితే ఆ సమాజం వారికీ తెలియజేయండి. ఆ విద్య వాళ్లది.

ప్రశ్న: అతుకులకు పూసే నల్లటి బంక దేనితో చేస్తారు?

జవాబు: స్ప్రూస్ బంకను కరిగించి, గుడ్డలో వడగట్టి, జంతువుల కొవ్వు, మెత్తటి బొగ్గుపొడి కలుపుతారు. పాళ్లు ఇంతని కొలత చెబితే తప్పవుతుంది, వాతావరణాన్ని బట్టి మార్చాలి. చిన్న బెరడు ముక్కకు పూసి చన్నీళ్లలో ముంచి వంచండి. పగిలితే కొవ్వు చాలలేదు. వేలికి అంటుకుంటే కొవ్వు ఎక్కువైంది, ఇంకొంచెం బంక వేయాలి. చలికాలానికి కొవ్వు ఎక్కువ, ఎండాకాలానికి తక్కువ.

ప్రశ్న: ఈ బర్చ్ చెట్టూ, మన భూర్జపత్రం చెట్టూ ఒకటేనా?

జవాబు: ఒకే కుటుంబం, జాతులు వేరు. హిమాలయాల భూర్జం బెరడు కాగితంలా పలచటి పొరలుగా విడివడుతుంది కాబట్టి రాతకు పనికొచ్చింది. పడవకు మాత్రం వంచినా పొరలు విడిపోని, సుమారు 3 మిల్లీమీటర్ల దళసరి బెరడు కావాలి.